తొలి సవారీ దేవుడిది

కారేపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో మొదటి జీపు ఆంథోనిదే. ఎనభై మూడులో తునికాకు కాంట్రాక్టు బాగా కలిసొచ్చి కొన్నాడు. ఖమ్మం నుంచి తను నడుపుకొచ్చి మూడు రోజులైంది, ఇంకెవర్నీ ఎక్కనివ్వలేదు. ఆదివారం పది గంటలకు ఫాదర్ వచ్చి, తీర్థం చల్లి, ముందు సీట్లో కూర్చుని గుడిదాకా వెళ్లాలి. తొలి సవారీ దేవుడిదని ఊరంతా చాటుకున్నాడు. భక్తి ఉన్నమాట నిజమే. దాని పక్కనే సీట్ల ప్లాస్టిక్ కవర్లు చింపబుద్ధి కాని మురిపెం కూడా ఉంది.

ఆ ఆదివారం ఎనిమిది కాకముందే తండా నుంచి చాంది పరుగెత్తుకొచ్చింది. ఏటా వేసవిలో ఆంథోని కల్లంలో ఆకు కట్టలు కట్టే మనిషి. వెనకాల నలుగురు నులకమంచం మోసుకొచ్చారు. మంచం మీద ఆమె కూతురు రూప్లి. రాత్రి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. కింద పరిచిన బొంత నెత్తుటితో తడిసిపోయింది.

"సేటూ, నీ కాల్మొక్కుత. జీపుల ఇల్లెందు దవాఖానాకు తీస్కపో. మంత్రసాని చేతులెత్తేసింది."

ఆంథోని చూపు ముందు నెత్తుటి మీద పడింది. పిల్ల మొహం మీద తర్వాత పడింది. ఆ వరస అతనికి తెలిసింది, అందుకే గొంతు పెంచాడు.

"దేవునికి మొక్కిన బండి చాందీ! ఫాదర్ కూసోకముందు ఎవరెక్కినా దేవునికి కోపమొస్తది. నా చేతుల ఏమున్నది? నా ఎడ్లబండి కట్టుకపో, జల్దీ పోతది."

ఇరవై కిలోమీటర్లు ఎడ్లబండి జల్దీ పోవడమేమిటి? అన్న నోటికే సిగ్గేసింది. చాంది మాత్రం నమ్మింది. మొక్కుకున్న మేకను కరువొచ్చినా ముట్టని తండా మనిషి. కూతుర్ని ఎడ్లబండిలోకి ఎత్తించింది.

బండి మలుపు తిరిగాక ఆంథోని భార్య లిదియా బయటికొచ్చింది. చేతిలో ఫాదర్ కోసం కడుతున్న బంతిపూల దండ ఉంది.

"పోయిన ఆదివారం గుళ్లె బైబిలు నువ్వే గద చదివినవ్? దెబ్బలు తిన్నోణ్ని సమరీయుడు తన గాడిద మీద ఎక్కించుకున్నడని. ఆ గాడిదకు ముందే తీర్థం చల్లిండ్రా?"

"నోరు ముయ్యి!" అని అరిచి అరుగు మీద కూలబడ్డాడు. ఇప్పటికి సగం దూరం పోయుంటారులే అని సర్దిచెప్పుకున్నాడు. సగం పోలేదని అతనికి తెలుసు. వాన మొదలైంది. తొమ్మిది దాటింది. ఆ మంచం మీది మూలుగు చెవుల్లోంచి పోలేదు. ఇక కూర్చోలేక లేచి జీపు తీశాడు.

ఎడ్లబండి వాగు ఒడ్డునే ఉంది. చక్రం ఇరుసుదాకా బురదలో దిగింది. రూప్లి అరవడం మానేసింది. అరుపు కంటే ఆ నిశ్శబ్దమే ఆంథోనిని ఎక్కువ భయపెట్టింది. దిగి తలుపు తీశాడు.

చాంది కూతురికి అడ్డంగా నిలబడింది. "వద్దు సేటూ! మీ దేవుడు ఇంకా ఎక్కలే. ముందే మేమెక్కితే నా బిడ్డకు పాపం తగులుతది."

నిజం చెప్పాల్సిన చోటు అదే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అబద్ధమే తేలిగ్గా బయటపడింది.

"దేవుడు ఒప్పుకున్నడు. ఫాదర్ కబురు పంపిండు. ఎక్కించు, జల్దీ!"

వాగు దాటుతుంటే నీళ్లు జీపులో కాళ్ల కిందికొచ్చాయి. ఇంజను ఒకసారి దగ్గింది, ఆగలేదు. దారి పొడుగునా ఆంథోని పరలోక జపం మొదలుపెడుతూ, మధ్యలో మరిచిపోతూ, మళ్లీ మొదటికొస్తూ నడిపాడు.

దవాఖానాలో గంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. "తల్లి బతికింది. బిడ్డ దక్కలే. గంట ముందు తెస్తే ఇద్దరూ దక్కెటోళ్లు. ఇంత లేటెందుకు చేసిండ్రు?"

చాంది ఏడుపు మింగి చేతులు కట్టుకుంది. "ఈ సేటు మంచోడే అమ్మా. ఆయన దేవుడే జెర లేటుగ ఒప్పుకున్నడు."

 ఎవరూ ఆంథోనిని వేలెత్తి చూపడం లేదు. నోరు మెదపకుంటే చాలు, నింద దేవుడి మీదికి పోతుంది, మంచి పేరు తనకు మిగులుతుంది. అలా మిగిలే మంచి పేరు అతనికి వద్దనిపించింది.

"దేవుని మీద వెయ్యకు చాందీ," అన్నాడు.  "ఆయన వద్దనలే. ఫాదర్ కబురూ పంపలే. కొత్త సీటుకు నెత్తురంటుతదని నేనే వద్దన్న. దేవుణ్ని అడ్డం పెట్టుకున్న."

చాంది అతని వంక చూసింది. ఆ కళ్లల్లో అతను కోపం కోసం వెతికాడు. తిట్టినా, కొట్టినా బాగుండేది.

"గీ మాట పొద్దుగాల్నే చెప్తే," అందామె మెల్లగా, "సీటు ముట్టకుంట కిందనే పండబెట్టెటోళ్లం గద సేటూ."