కప్ప దారం

ఆ ఇంట్లో పొద్దున్నే లేచినవాళ్లు దారాలు దాటుకుంటూ పెరట్లోకి వెళ్లాలి. గుమ్మడి పువ్వు నుంచి తేనెటీగకి ఒక దారం, ఆకు నుంచి పురుగుకి ఒకటి, పురుగు నుంచి కప్పకి ఇంకొకటి. ఎవరి తిండి ఎవరి దగ్గరుందో వాళ్లిద్దరికీ ముడిపడిన దారాలవి. బట్టలు ఆరేస్తే చిక్కుపడతాయని అత్తగారు దండెం ముందువాకిట్లో కట్టించింది. ఇంటిల్లిపాదికీ ఆ గుమ్మడి పాదులే ఆధారం.

కొత్తగా వచ్చిన కోడలు బట్టలు కుడుతుంది. దారం వేలాడుతూ కనబడితే కత్తెర దానంతటదే చేతిలోకి వచ్చేసే రకం. ఒకరోజు పాదుల మధ్య తిరుగుతూ, తేనెటీగవి పనికొచ్చేవి కదా అని వదిలేసి, జిగటగా కాళ్లకి చుట్టుకునే కప్ప దారాలన్నీ టకటకా కత్తిరించి పారేసింది. పెరడు ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయింది కూడా.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆకులు జల్లెడలయ్యాయి. నోటి ముందునుంచే పురుగులు దర్జాగా నడిచిపోతుంటే కప్పలు గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాయి. పిందెలు వాడిపోవడం మొదలైంది.

"ఇలాగైతే ఈ ఏడు పంట లేనట్టే," అంది అత్తగారు. తిట్టినా బాగుండేది అనుకుని కోడలు పెట్టె సర్దుకుంది.

"ఎక్కడికే?"

"మా అమ్మ దగ్గరికి. మీ నోటికాడి కూడు తీసేశాను అత్తయ్యా."

"తెంచినదానివి కుట్టలేవా? కుట్టి వెళ్లు."

కోడలికి పౌరుషం పొడుచుకొచ్చింది. సూది పట్టుకుని బురదలో చతికిలబడింది. మొదటి పాదు దగ్గర దారం బిగించి కుట్టింది. అక్కడి కప్ప ఒక్కపూటలో పురుగులన్నిటినీ ఊడ్చేసి, ఆ తర్వాత తినడానికేమీ లేక డొక్కలెండబెట్టుకుని కూర్చుంది. సాగే గుడ్డని బిగించి కుడితే పిగిలిపోతుందని తెలిసి కూడా ఎంత పని చేశాను అని నాలుక్కరుచుకుంది. కుట్టు విప్పింది. ఈసారి కొన్ని పురుగులు తప్పించుకునేంత, కప్ప కాస్త వెతుక్కునేంత వదులు పెట్టి కుట్టింది. అలా పాదు పాదుకీ కుట్టుకుంటూ వెళ్లింది.

తీగలు మళ్లీ చిగురించాయి. కాయలు తీగ కనబడకుండా కాశాయి. పక్క తోటాయన వచ్చి, వంగి వంగి చూసి, "అతుకెక్కడుందో తెలియడం లేదే!" అన్నాడు.

"మా కోడలి కుట్టు మరి! కనబడుతుందా?" అంది అత్తగారు. ఆవిడ గర్వం పట్టడానికి ఆ పెరడు చాలలేదు.

కోడలికి కడుపు నిండిపోయింది. అయినా అన్న మాట ప్రకారం గుమ్మం పక్కనున్న పెట్టె అందుకుంది. అడుగు వేయబోతే కాలు లాగినట్టయింది. పాదుల్లోంచి వచ్చిన సన్నటి దారమొకటి మడమకి ముడిపడి ఉంది. అలవాటుకొద్దీ కత్తెర కోసం వెళ్లిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, మరి అమ్మని చూడాలనిపిస్తే?"

అత్తగారు వంగి ఆ దారాన్ని వేళ్ల మధ్య సాగదీసి చూసింది.

"బోలెడంత వదులుంది. మీ అమ్మ దగ్గరికి వెళ్లి రావడానికి సరిపోతుందిలే."

కోడలు పెట్టె తీసుకెళ్లి అటకెక్కించింది.