గాజుదారానికి పెద్ద దీపం

ఆసుపత్రిలో దీపాలు బాగుచేసే ముసలాయన్ని అందరూ కోతల తాత అనేవారు. తను బిగించిన బల్బు చూసి మిట్టమధ్యాహ్నం సూర్యుడే సిగ్గుపడి మబ్బుచాటుకు పోయాడని చెప్పుకునే మనిషి మరి.

ఆ రోజు కోతలకు చోటు లేదు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నది ఆయన మూడేళ్ల మనవరాలు. ఊపిరిగొట్టంలో గాజుపూస ఇరుక్కుంది. లోపలికి దింపి చూసే సన్నగొట్టానికి వెలుగు మోసుకొచ్చేది సన్నని గాజుదారం. దాని రెండో కొస దీపం పెట్టెలో ఉంటుంది. పోయినవారమే తాత ఆ పెట్టెలోంచి చిట్టి బల్బు పీకేసి, నాలుగువందల వాట్లది బిగించి, "ఇక కడుపులోనే సూర్యోదయం!" అని మీసం దువ్వాడు.

"పెద్దాయనా, ఇదేం వెలుగండీ? మిణుగురు నయం!" అంది డాక్టరమ్మ.

"వెలుగును ఒకచోటికి చేర్చే భూతద్దం ఇంకోటి వేస్తానమ్మా!"

వేశాడు. వెలుగుచుక్క చిన్నదైంది గానీ కిరణాలు మరీ వాలుగా పడ్డాయి. వాలుగా వచ్చినవాటిని దారం పుచ్చుకోలేదు. చీకటి చీకటిగానే ఉంది.

"పెదాలు నీలమవుతున్నాయి," అంది నర్సు.

తాత దీపం పెట్టెలోకి తొంగిచూశాడు. అప్పుడు తట్టింది. పెద్ద బల్బులో మండే తీగ వేలెడుంది; చిట్టిదానిలో మినపగింజంతే, కానీ చిక్కగా మండుతుంది. దారం నోరు తనకు పట్టినంతే తాగుతుంది, మిగతాదంతా బయట ఒలికిపోతుంది. తీగలో లేని చిక్కదనం ఏ అద్దమూ తెచ్చిపెట్టలేదు.

"తప్పు నాదేనమ్మా! పాత బల్బు నా డబ్బాలోనే ఉంది."

"మాటలు తర్వాత. ముందు పెట్టండి!" అంటూ ఆమె పాప ముక్కుకు ఆక్సిజన్ పట్టింది.

ఉన్నది ఒక్కటే. వేలిచెమట అంటిందా, వేడికి పగులుతుంది. కాలుతున్న పెద్ద బల్బు లాగేసి, చిట్టిదాన్ని గుడ్డతో పట్టుకున్నాడు. తొందరలో ఒకసారి బల్బు దిగే గుంట తప్పింది. బయట కూతురు తలుపు బాదుతోంది: "నాన్నా, పలకవేం? పాపకేమైంది నాన్నా?"

రెండోసారి దిగింది. స్విచ్చి వేశాడు.

"ఆఁ... పూస కనబడింది. ఎవరూ కదలకండి," అంది డాక్టరమ్మ.

తాత ఊపిరి కూడా బిగబట్టాడు. ఎంతసేపో. పూస పళ్లెంలో ఠంగుమంది. పాప ఛాతీ ఒక్కసారి పొంగింది.

"ఎన్ని వాట్లండీ ఇది?" డాక్టరమ్మ మాస్కు దించుతూ అడిగింది.

"నూటయాభయ్యేనమ్మా," అన్నాడు తాత, పెద్ద బల్బును డబ్బాలోకి తోస్తూ.

ఊహ తెలిశాక సున్నా కలపకుండా ఆయన చెప్పిన మొదటి అంకె అదే.