రాతినాలుక నాలుగో భాగం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊళ్లో అందరూ అంటారు. ఉంటుంది, కాదనను. ఆ రోజు అన్నం మాడిన వాసన వచ్చి లోపలికి వెళ్లి చూస్తే, నా కూతురు స్వర్ణ పొయ్యి ముందే కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. పదో తరగతి పరీక్షలు రాసి హాస్టల్ నుంచి వచ్చి రెండు రోజులైంది. పరీక్షలు అయిపోయాక ఇంకేం చదువు?

"ఇదేటే గుంటా, నీ ముక్కు పన్జెయ్యట్లేదా?" అని పుస్తకం లాక్కున్నాను. పొయ్యిలో పడేసేదాన్నే.

"అమ్మా, వద్దు! అది లైబ్రరీ పుస్తకం! మిహిర గుహలో ఉండిపోయింది!" అని అరిచింది.

"ఎవులే ఆ మిహిర?" అన్నాను. అలా అడిగి ఇరుక్కుపోయాను.

స్వర్ణ మూడో తరగతి నుంచీ హాస్టల్లోనే ఉంది. సెలవులకి వచ్చినా చుట్టంలా ఉండేది. అడిగితే "ఊఁ" అంటుంది, అడక్కపోతే అదీ లేదు. దాని మాట కూడా మా మాటలా ఉండదు, టీచరమ్మలా మాట్లాడుతుంది. అలాంటిది ఆ రోజు మాడిన అన్నం ముందు కూర్చుని గంటసేపు ఆపకుండా చెప్పింది. మిహిరకి పదిహేనేళ్లట. రాళ్లతో మాట్లాడగలదట. ఆ సంగతి తెలిసిన రాజు, కొండ కడుపులో ఏం దాగుందో అడిగి చెప్పమని ఆమె తమ్ముణ్ని పట్టుకుపోయాడట. పుస్తకం పేరు 'రాతినాలుక'. మొత్తం నాలుగు భాగాలు. హాస్టల్ లైబ్రరీలో ఉన్నవి మూడే. ఆ మూడూ సంచీలో వేసుకొచ్చింది.

అది చింతపండు రోజులు. పెంకు కొట్టి గింజ తీస్తూ కూర్చుంటే చేతులకే పని, చెవులు ఖాళీ. "మొదట్నించీ సదవే, ఇంటాను" అన్నాను. రెండో రోజుకి పక్కింటి పైడితల్లి తన చింతపండు తట్ట తెచ్చి మా అరుగు మీద పెట్టుకుంది. మూడో రోజుకి సోములమ్మ పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మంచినీళ్లకని స్వర్ణ పుస్తకం దించితే చాలు, నాకు ఒళ్లు మండేది. "ఆగిపోనావేటే? సదువు!" అని కసిరేదాన్ని. అది నవ్వేది. నా కసురుకి నా కూతురు నవ్వడం అప్పుడే చూశాను.

మూడో భాగం చివర గుహ వాకిట్లో మిహిర నాలుక రాయైపోయింది. పుస్తకం అక్కడితో అయిపోయింది.

"అవదా మరి!" అంది సోములమ్మ పెద్దమ్మ. "రాయితో మాటాడే ముందు ఒక కోడినైనా కొయ్యలేదు, పసుపైనా ఎయ్యలేదు. ఊరికే ఎల్లి పలకరించేత్తాదా? మన దేవుడి రాయైతే మొదటి రోజే పీక పిసికేసును."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ముప్పై ఎనిమిదేళ్లదాన్ని, పిల్లల పుస్తకం మీద మనసు పారేసుకున్నాను. కాఫీ తోటలోకి వెళ్తే దారిలో బండలు కనబడి ఇవేం చెబుతాయో అనుకునేదాన్ని. నాలుగో భాగం కోసం స్వర్ణ ఫోన్లో వెతికితే స్టాకు లేదంది. నాకు దిగులు పట్టుకుంది. మిహిర ఏమైందన్నది ఒక దిగులు. జూన్‌లో ఇంటర్ చదువుకి విశాఖ వెళ్లిపోతే, నా పిల్ల నాతో మళ్లీ "ఊఁ"లు కొట్టడం మొదలుపెడుతుందన్నది అంతకంటే పెద్ద దిగులు.

చైత్రంలో మా కొండ ఊళ్ల వేట పండుగ, ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లంతా వేటకి కొండెక్కారు. ఆడవాళ్లం ఎప్పట్లాగే హుకుంపేట రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ కట్టి, పాటలు పాడుతూ బండ్లు ఆపాం. ఇచ్చింది పుచ్చుకుని, పసుపు రాసి పంపడం ఆచారం. మధ్యాహ్నం ఒక కారు ఆగింది. వెనక సీట్లో స్వర్ణ ఈడు పిల్ల ఉంది. ఆ పిల్ల ఫోను వెనక బొమ్మ చూసి స్వర్ణ కెవ్వుమంది.

"అమ్మా, మిహిర!"

బండి నడిపే ఆయన నోటు చాపాడు. నేను ఆ నోటు వైపు చూడనైనా లేదు. కిటికీలో తల పెట్టేశాను. "నీ పేరేటమ్మా? నాలుగో భాగం సదివినావా?"

"మౌనిక, ఆంటీ. మూడుసార్లు చదివాను!" ఆ పిల్ల కళ్లు ఇంతయ్యాయి. "మీరు కూడా చదివారా? పుస్తకం ఇంట్లో ఉంది, వైజాగ్‌లో. పోనీ కథ చెప్పేస్తాను, ఏమవుతుందంటే మిహిర తమ్ముడు..."

"నోరుముయ్యి!" అని అరిచేశాను.

పాట ఆగిపోయింది. కారాయన మొహం ఎర్రబడింది.

"సెప్పనీవే ఈశ్వరీ!" అంది పైడితల్లి. "బండెల్లిపోతే మనకి పుస్తకమెవులు పంపుతారు?"

"నాను బతికుండగా తెలియాల గదే!" అంది పెద్దమ్మ.

"వొద్దు" అన్నాను. "సెప్పేత్తే నిమసంలో అయిపోద్ది. నాకు అలాగొద్దు. మా గుంట సదవాల, నాను ఇనాల."

స్వర్ణ నా వైపు చూసింది. మౌనిక కూడా ఒక్క క్షణం చూసి, పెన్ను తీసి "అడ్రస్ చెప్పండి, పంపిస్తాను" అంది. హుకుంపేటలో మేము సరుకులు తెచ్చుకునే శ్రీనివాసరావు కొట్టు పేరు, ఈశ్వరమ్మ అని నా పేరు స్వర్ణ చెప్పింది. నేను గెడ ఎత్తేశాను. డబ్బులు పుచ్చుకోలేదని ఊళ్లో వారం రోజులు నన్ను తిట్టారు.

ప్రతి సంతకీ కొట్టు ముందు నిలబడేదాన్ని. "ఏం పార్సిలమ్మా అంత, బంగారమా?" అని శ్రీనివాసరావు ఎగతాళి చేసేవాడు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. నేను భయపడ్డట్టే స్వర్ణ మాటలు తగ్గిపోయాయి. బస్సెక్కేటప్పుడు "పుస్తకం వస్తే చెప్పు" అంది, అంతే. ఆ రోజు ఇంటికొచ్చి కోళ్ల మీద కేకలేశాను, పాపం అవేం చేశాయి.

అది వెళ్లిన మూడో వారం పార్సిల్ వచ్చింది. మూల నలిగిన పుస్తకం. మొదటి పేజీలో పెన్నుతో రాసి ఉంది: 'ఈశ్వరమ్మ ఆంటీకి. చివర ఏమవుతుందో ఎవ్వరికీ చెప్పలేదు.'

ఆదివారం హాస్టల్లో ఫోనిస్తారు. "వొచ్చింది" అన్నాను. "దసరా సెలవుల్దాకా ట్రంకు పెట్టిలో దాసేత్తాను. నువ్వొచ్చి సదువుదువు."

"దసరా దాకా నేనాగలేను. నువ్వు చదువమ్మా, నేను వింటాను."

"నానా? అయిదోది మానేసినదాన్ని! బస్సు మీద పేరే కూడబలుక్కుని సదువుతాను. ఎగతాళా నీకు?" అని తిట్టి పెట్టేశాను.

ఇంటికొచ్చాక ఆ పుస్తకం నా వైపే చూస్తున్నట్టు ఉంది. వారమంతా పనయ్యాక వేలు పెట్టి మొదటి పేజీయే చదివాను. ఒత్తుల దగ్గర నాలుక మడతపడేది. మిహిర కష్టం నాకు అప్పుడు బాగా తెలిసింది.

మళ్లీ ఆదివారం కాఫీ తోట పైన ఉన్న బండ ఎక్కాను. మాకు సిగ్నల్ అక్కడే. పైడితల్లి వచ్చింది. సోములమ్మ పెద్దమ్మ ముందే చేరి, ఈసారి తప్పు జరగకూడదని బండకి పసుపు రాసి రెండు అగరొత్తులు గుచ్చింది.

ఫోను పైడితల్లి పట్టుకుంది. నేను మొదలుపెట్టాను. "గు...హ వా...కిట్లో చీ...కటి." అర పేజీకి చెమటలు పట్టాయి. 'నిస్త్రాణ' అన్న మాట దగ్గర మూడుసార్లు పడ్డాను. నాలుగోసారి నోరు పెగల్లేదు. ఫోన్లో చప్పుడు లేదు. దాని వెనక ఫోను కోసం పిల్లలు వరసలో ఉంటారు, విసుగేసి పెట్టేసి ఉంటుంది అనుకున్నాను. సిగ్గుతో పుస్తకం మూసేయబోయాను.

అప్పుడు అటు నుంచి నా కూతురు, అచ్చం నాలాగే కసిరింది.

"ఆగిపోనావేటమ్మా? సదువు!"