బ్యాటరీల గదిలో సోములమ్మ

పదకొండో సెల్లు మూత విప్పి సోములమ్మ గాజు గొట్టాన్ని లోపలికి దించింది. రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే యాసిడ్ పైకెక్కింది, గొట్టంలో తేలే పుల్ల ఊగి ఊగి ఒకచోట నిలిచింది. యాసిడ్ చిక్కదనం పన్నెండు వందల అరవై. నిన్నటికన్నా ఎక్కువ. ఆమె మొహం ముడుచుకుంది. నీళ్లు ఇగిరిపోతేనే యాసిడ్ అలా చిక్కబడుతుంది. టార్చి వేసి చూస్తే సీసపు పలకలు బయటపడడానికి అర వేలెడు కూడా లేదు. సెల్లు పక్కకి చేతి వెనుక భాగం ఆనించింది. బయట మంచుకి గడ్డి తెల్లబడి ఉంది. సెల్లు మాత్రం జ్వరమొచ్చిన పిల్ల ఒంటిలా కాలుతోంది.

ఇరవై నాలుగు సెల్లులూ బుసబుసమంటున్నాయి. ముక్కు మండే ఆ వాసన ఎనిమిది రోజులుగా వదలడం లేదు.

హుకుంపేట దాటాక జీపు దారి ఆగిపోయే కొండ కొమ్మున ఉంది ఆ గది. పక్కనే ఇనుప టవరు, లోపల వైర్‌లెస్ పెట్టె. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా జీపు కోసం పెట్టే కేక ఈ పెట్టె అందుకుని కింద ఆసుపత్రికి పంపాలి. వారంలో నాలుగు రోజులు కరెంటుండదు. పెట్టె బతికేది బ్యాటరీల మీదే.

మొదట్లో వాటిని చూసినవాడు ఆమె మొగుడు మంగ్లు. తొంభై ఒకటి వానల్లో మలేరియాతో మూడు రోజులు మంచం దిగలేదు. బ్యాటరీలకి చార్జింగ్ పెట్టిన నాథుడు లేడు. నాలుగోనాడు అతని కోసమే జీపుని పిలవబోతే పెట్టె పలకలేదు. డోలీ కట్టి మోసుకుపోతుంటే ఘాట్ రోడ్డు చేరకముందే పోయాడు. ఆ పని సోములమ్మకిచ్చారు. అక్షరాలు రావు, అంకెలు వచ్చు. అవి చాలన్నారు. పదమూడేళ్లలో పెట్టె మళ్లీ మూగబోలేదు. ఊళ్లో పెళ్లికి పిలిస్తే చార్జింగ్ ఉందనేది, చావుకి పిలిస్తే నీళ్లు పోయాలనేది. పిలవడం మానేశారు. యాసిడ్ చుక్కలు పడి ఆమె కోకలన్నీ చిల్లులే.

ఎనిమిది రోజుల కిందట విశాఖపట్నం నుంచి ఇంజినీరు భాస్కర్ వచ్చి, తానే తయారుచేసిన అరచేతంత కంప్యూటర్ బోర్డుని గోడకి బిగించాడు. దాని తీగలు చార్జర్ బోర్డుకి వెళతాయి. చిన్న అద్దం మీద రెండు అంకెలు కనిపిస్తాయి. పైది వేడి, కిందది చార్జింగ్ వోల్టులు. "చలైతే చార్జింగ్ పెంచుతాది, వేడెక్కితే తగ్గిస్తాది. మనిషక్కర్లేదు" అని తన జీపు డ్రైవరుకి చెప్పాడు, సోములమ్మ ఎదురుగానే ఉన్నా. వేడి కొలిచే ముక్క గోరంత ఉంటుంది. తీగ పొట్టిదని దాన్ని కిటికీ చువ్వకి వేలాడదీసి వెళ్లిపోయాడు. నిజానికి ఇంకా తీగ మడతలో చుట్టి ఉన్న సంగతి సోములమ్మ ఆ రోజే చూసింది.

పది దాటాక జీపు చప్పుడైంది. భాస్కర్ స్వెట్టరు వేసుకుని, ఫైలు పట్టుకుని దిగాడు. వస్తూనే ముక్కు మూసుకున్నాడు.

"మూతలెందుకు తీసేవు? ఎవరు ముట్టుకోమన్నారు?"

"నీళ్లు బేగి తగ్గిపోతన్నాయి సారూ. మూడు నెలల నీళ్లు ఎనిమిది రోజులకే తాగేసినాయి. సెయ్యెట్టి సూడండి, కాలిపోతన్నాయి."

"నాకు చెప్తన్నావా?" అతను నవ్వాడు. "రేపు పెద్దాఫీసరు వస్తన్నారు దీన్ని చూడ్డానికి. నువ్విక్కడ కనపడకూడదు." ఫైల్లోంచి కాగితం తీసి బల్ల మీద పడేశాడు. "రేపట్నుంచి నీకు పని లేదు. వేలిముద్ర ఎయ్యి."

సోములమ్మ కాగితం వంక చూడలేదు. అద్దం వంక చూసింది. పైన తొమ్మిది, కింద యాభై తొమ్మిది పాయింట్ రెండు.

"ఏస్తాను. ముందు ఇది సూడు సారూ. పై అంకె తగ్గితే కింది అంకె పెరుగుతాది. మంచు పడ్డ కాణ్ణుంచీ సూస్తన్నాను. నీ ముక్క కిటికీలో సలికి వణుకుతంది. సెల్లు సలిలో ఉందనుకుని బోర్డు మరీ మరీ ఎక్కిస్తంది."

"కంప్యూటరు కన్నా నీకు తెలుసేటే?"

ఆ "ఏటే" ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. కిటికీ దగ్గరికి నడిచింది. చువ్వకున్న ముక్కని లాగి, తీగ మడత విప్పి, పదకొండో సెల్లు ఒంటికి ఆనించి అరచేత్తో అదిమింది.

"వదుల్తావా లేదా?"

వదల్లేదు. పై అంకె పదమూడైంది. ఇరవై అయింది. ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. కింది అంకె దిగుతూ వచ్చి యాభై ఏడు దగ్గర నిలిచింది. సెల్లుల బుస మెల్లగా సన్నగిల్లింది. గుమ్మంలోంచి డ్రైవరు తొంగిచూశాడు.

భాస్కర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. దూసుకొచ్చి ఆమె చేతిలోంచి తీగ లాక్కున్నాడు. ఆ విసురుకి అతని చెయ్యి మూత తీసి ఉన్న సెల్లులో నిలబెట్టిన గాజు గొట్టానికి తగిలింది. గొట్టం ఎగిరి పడి పగిలింది. యాసిడ్ అతని మణికట్టు మీద చిమ్మింది.

"దొంగముండా! కావాలనే చేసేవు!"

సోములమ్మ మూలకి వెళ్లింది. తన సత్తు గిన్నె నిండా నీళ్లు పోసి, రెండు గుప్పిళ్లు తినేసోడా వేసి కలిపింది. తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టింది.

"పంపు నీళ్లతో కడిగి, సెయ్యి ఇందులో ముంచు. ముంచకపోతే నీ ఇష్టం. సర్మం నీది."

కాగితం మీద వేలు అద్దింది. తెరిచి ఉన్న సెల్లుల మూతలన్నీ ఒక్కొక్కటే బిగించింది. కొంగు ముడి విప్పి తాళంచెవి డ్రైవరు చేతిలో పెట్టింది. అతను "అమ్మా" అని ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

కిటికీ పక్కగా దిగే కాలిదారిలో పది అడుగులు వేశాక వెనక్కి తిరిగింది. డ్రైవరు జీపు దగ్గరికి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే లోపల భాస్కర్ ఒక్కడే ఉన్నాడు. గిన్నెలో ముంచి తీసిన తడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని గుమ్మం వైపు ఓసారి చూశాడు. ఎవరూ లేరని తేల్చుకుని, వంగి, వేడి కొలిచే ముక్కని పదకొండో సెల్లుకి టేపు పెట్టి అంటించాడు. ఆమె పెట్టిన చోటే.

రేపు ఆఫీసరుకి తన తెలివనే చెబుతాడు. సోములమ్మ ఉమ్మేసింది. గిన్నె కోసం వెనక్కి వెళదామా అనుకుంది. మళ్లీ ఆ మొహం చూడాలి. వద్దనుకుని కొండ దిగిపోయింది.

బల్ల మీద సత్తు గిన్నెలో తెల్లటి నురుగు ఇంకా చిటపటమంటూనే ఉంది. దాని అంచు కింద, సంతలో ఎవరో చుక్కలు చుక్కలుగా కొట్టిన మంగ్లు పేరు.