లోతు నీళ్ల దారి

తల్లికి నీళ్లంటే భయం. గచ్చు మీద చెంబెడు నీళ్లొలికితే చాలు, ఎవరు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటారోనని గుడ్డ పట్టుకుని పరుగెత్తే మనిషి. అలాంటి మనిషి కడుపున పుట్టిన కూతురు పడవ నడపడం నేర్చుకుంది. ఏడేళ్లు ముసలి సరంగు పక్కన నిలబడి నేర్చుకుంది. ఆయన ఈ నెలతో పని మానేస్తున్నాడు. ఇవాళ అతిథుల్ని లంకల చుట్టూ తిప్పి, చీకటి పడకముందే రేవుకి చేరిస్తే ఆయన స్థానం నీదేనని పడవ యజమాని ఆమెకి మాటిచ్చాడు.

పడవలో వంటమనిషికి జ్వరమొచ్చిందని తెలిసి, వండిపెట్టడానికి తల్లి తానే వస్తానంది.

"నా కళ్లెదుట ఉంటే గుండె కాస్త కుదుటపడుతుందే."

"నీ గుండె కుదుటపడ్డం నేను పుట్టాక చూళ్లేదమ్మా," అని కూతురు నవ్వింది.

పడవ పై అంతస్తులో అతిథులు లంకల్ని చూసి మురిసిపోతున్నారు. రెల్లుపొదలు, కొంగలు, ఇసుక తిన్నెల మీద ఎండ. కింద వంటగది కిటికీలోంచి తల్లికి మాత్రం నల్లటి నీళ్లే కనిపించాయి. భోజనాలయ్యాక మబ్బు పట్టి గాలి లేచింది. పళ్లేలు ఈ మూల నుంచి ఆ మూలకి జారాయి. అంతే, తల్లి చేతిలో గరిటైనా దించకుండా మెట్లెక్కి స్టీరింగు గదిలోకొచ్చింది.

"ఒసే తల్లీ, గట్టు పక్కకి పోనీయవే! ఏదన్నా అయితే దిగి నడిచైనా పోవచ్చు."

"గట్టు పక్కనే ప్రమాదం. మొన్నటి వరదకి ఎక్కడ ఇసుక మేట వేసిందో తెలీదు. లోతే మనకి మంచిదమ్మా."

"లోతు మంచిదేంటే, నీ మొహం! మునిగితే శవాలైనా దొరకవు!"

స్టూలు మీద కూర్చున్న సరంగు నవ్వాడు. "కిందికెళ్లు చెల్లెమ్మా. నీకు రాకపోయినా పడవకి ఈతొచ్చు."

సరంగు అలా వెళ్లి ఇంజను చూసొచ్చేలోపు తల్లి కూతురి జబ్బ పట్టుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. "నా మీద ఒట్టే. ఈ ఒక్కసారి నా మాట వినవే."

కూతురు పళ్లు బిగించి లోతు దారినే పడవ నడిపింది. కాసేపటికి స్టీరింగు తిప్పింది. పడవ రెండు లంకల మధ్యనున్న సన్నపాయలోకి, గట్టు పక్కకి మళ్లింది.

పెద్ద చప్పుడేం కాలేదు. ముద్దపప్పులో గరిటె దిగబడ్డట్టు పడవ మెత్తగా ఆగిపోయింది. ఇంజను అరిచిన కొద్దీ వెనక బురద లేచిందే తప్ప పడవ అంగుళం కదల్లేదు. మరో పడవ వచ్చి తాడేసి లాగడానికి రెండు గంటలు పట్టింది. అతిథులు మొదట ఫోటోలు తీసుకున్నారు, తర్వాత విసుక్కున్నారు, ఆపైన మాట్లాడ్డం మానేశారు.

అతిథులతో పాటు పడవలోనే ఉన్న యజమాని స్టీరింగు గదిలోకొచ్చాడు. "ఇటెందుకు తిప్పావు?"

"నాదే పొరపాటండీ," అంది కూతురు.

తల్లి ఆగలేకపోయింది. "దానిదేం లేదు బాబూ! నేనే ఏడ్చి తిప్పించాను. దాన్నేం అనకండి."

యజమాని తల్లిని చూశాడు, తర్వాత కూతుర్ని. ఆయన గొంతులో కోపం లేదు. "పొరపాటైతే దిద్దుకుంటావనుకున్నాను. ఎవరో ఏడిస్తే దారి మార్చేదానికి ఇరవైమంది ప్రాణాలెలా అప్పజెప్పనమ్మా?"

బిడ్డని కాపాడబోయి తానేం చేసిందో తల్లికి అప్పుడు తెలిసింది.

తిరుగు దారిలో సరంగే స్టీరింగు పట్టాడు. కూతురు పడవ వెనక తాళ్లచుట్ట మీద కూర్చుంది. తల్లి వెళ్లి పక్కన నిలబడింది.

"ఒక్క మాటన్నా తిట్టవే."

"తిడితే ఏడుస్తావు," అంది కూతురు, నీళ్లలోకి చూస్తూనే. "నువ్వు ఏడిస్తే నేనేం చేస్తానో చూశావుగా."

తల్లి కొంగు నోట్లో కుక్కుకుని కిందికి దిగింది. మాడిన గిన్నె ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. పైన యజమాని ఫోనులో ఎవరినో అడుగుతున్నాడు, మీ ఎరికలో మంచి సరంగు ఎవరైనా ఉన్నారా అని.