గుండీల డబ్బా

భోజనాల గంట కొట్టగానే కుట్టుమిషన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. గుండీలు కుట్టే కొత్త పెళ్ళికూతురు చొక్కాల కట్ట విప్పి, లోపల సుద్దతో గీసిన చిన్న పువ్వు చూసి నవ్వుకుంది. అది ఆమె మొగుడు, కటింగ్ మాస్టరు పని. పెళ్ళయిన నలభై రోజులుగా రోజుకో పువ్వు తప్పడం లేదు.

"చాల్లేవే సంబడం. కాలేజీ చదివినదానివి, ముందు ఇది చెప్పు," అంటూ పక్క మిషన్ పెద్దక్క గోడమీది బోర్డు చూపించింది. 'మనది డెమొక్రాటిక్ కంపెనీ' అని ఉంది. "ఏంటి దానర్థం?"

"ప్రభుత్వాలకి వాడే మాట పెద్దక్కా. ఏలేవాళ్ళ ఇష్టప్రకారం కాకుండా, జనం ఇష్టప్రకారం నడిచేదని. సంఘాలకీ, ఇళ్ళకీ కూడా వాడతారు."

"అయితే మా ఇంటికి పనికిరాదు. అక్కడ మా అత్తగారిదే రాజ్యం."

అంతలో యజమాని వచ్చాడు. వెనక కాగితం, పెన్నుతో సూపర్‌వైజరు. గుడ్డ దొంగతనంగా పోతోందట. వెనక తలుపుకి తాళం వెయ్యాలట.

"మీరెలాగంటే అలాగే. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

పోయిన వారం ఇస్త్రీబల్ల అంటుకున్నప్పుడు నలభైమందీ ప్రాణాలు దక్కించుకున్నది ఆ తలుపులోంచే. అయినా చేతులు లేచాయి. పెద్దక్కది లేచింది. సుద్ద అంటిన చెయ్యి కూడా లేచింది. సూపర్‌వైజరు లేవని చేతుల కోసం వెతికాడు. ఒక్కరే దొరికారు, కొత్త పెళ్ళికూతురు.

"నీ టోకెన్ నంబరెంత?"

కటింగ్ మాస్టరు కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఎత్తమని. ఆమె తన గుండీల డబ్బా ఖాళీ చేసి ముందుకు జరిపింది.

"పదిహేడు. రాసుకోండి సార్. కానీ ఒక్క మాట. తలా ఒక తెల్లగుండీ, ఒక నల్లగుండీ ఇద్దాం. తెల్లదంటే తాళం వద్దని, నల్లదంటే వెయ్యమని. పిడికిలి మూసి ఒకటి ఈ డబ్బాలో, రెండోది ఆ సంచిలో వేస్తారు. ఎవరేం వేశారో ఎవరికీ తెలీదు."

"ఎందుకీ వేషాలు?" కసిరాడు సూపర్‌వైజరు.

"గెలిచేది మీరేగా సార్, భయమెందుకు?" అంది పెద్దక్క ఉన్నట్టుండి. ఎవరో కిసుక్కున నవ్వారు.

యజమాని బోర్డు వంక చూశాడు. "కానివ్వండి," అన్నాడు పళ్ళబిగువున.

డబ్బా బోర్లిస్తే బల్లంతా తెల్లగా మెరిసింది. నల్లవి మూడే. యజమాని తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

సూపర్‌వైజరు మాత్రం పదిహేడు అని రాసిన కాగితం మడుస్తున్నాడు. పెద్దక్క అడ్డం వచ్చింది. "ఆగు నాయనా. పదిహేడు కింద నాదీ రాసుకో. ఇరవైరెండు."

"ముప్ఫై," అంది ఇంకో గొంతు. "తొమ్మిది," అన్నాడు కటింగ్ మాస్టరు.

కాగితం నిండిపోయింది. సూపర్‌వైజరు దాన్ని నలిపి పారేశాడు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ కటింగ్ మాస్టరు నెమ్మదిగా అన్నాడు. "చెయ్యెత్తినందుకు సిగ్గుగా ఉంది. నేను ఏ గుండీ వేశానో అడగవేం?"

"అడగను. పెళ్ళాన్నైనా నాకా హక్కు లేదు," అంది ఆమె, అతని వేలికి అంటిన సుద్ద తుడుస్తూ.

చదువరులారా, డెమొక్రాటిక్ అన్న మాట బోర్డుమీద రాసుకున్నంత మాత్రాన ఒంటబట్టదు. కాదన్న మనిషి మర్నాడు నిర్భయంగా పనిలోకి రాగలిగితేనే, కంపెనీకైనా ప్రభుత్వానికైనా అది చెల్లుతుంది.