బావిలో బొక్కెన పడిన రోజు

మూడు వందల పన్నెండో సంతకం వీధి చివరి రాజలక్ష్మి పెట్టింది, రుబ్బురోలు ముందు నుంచి లేవకుండానే. పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుని, "ఇంగన్నా ఆ కాటయ్యను ఇడిసిపెడతారా కస్తూరీ?" అని అడిగింది.

"ఇడిసిపెట్టక ఏం చేస్తారక్కా? గవర్నరుకు మాత్రం మనసుండదా!" అంది కస్తూరి.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటేడు అది. మద్రాసు జార్జి టౌన్‌లో నాలుగు నెలలుగా ఆమెకిదే పని. ఆరుగురికి వండి, భర్త కొట్టుకు క్యారియర్ పంపి, అత్తగారి కాళ్ళకు తైలం రాసి, మిగిలిన కాస్త పొద్దులో గవర్నరుకు పెట్టే క్షమాభిక్ష అర్జీ మీద సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగేది. బండి లాగే కాటయ్యకు ఉరిశిక్ష పడింది. మిట్టమధ్యాహ్నం గోదాములో ఒక గుమాస్తాను పొడిచాడని నేరం. ముందురోజు వాళ్ళిద్దరూ తగువులాడుకున్నారు, అంతే సాక్ష్యం. ఆ మధ్యాహ్నం కాటయ్య ఎక్కడున్నాడో కస్తూరికి తెలుసు. ఆమె పెరట్లో, బావిలో పడిన బొక్కెన కోసం గాలం వేసి దేవుతున్నాడు. గంటసేపు ఆమె పక్కనే నిలబడి తాడు పట్టుకుంది.

కేసు నడుస్తున్నప్పుడే ఆ సంగతంతా రాసి, లాయరుకివ్వమని భర్తకిచ్చింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు రాసింది పుట్టింటికైనా సరే మగవాళ్ళ చేతి మీదుగానే గడప దాటాలి. వారం తర్వాత, "లాయరుకిచ్చినా. ఆడోళ్ళ సాక్షి నిలవదంట" అన్నాడాయన. నమ్మింది. ఉరిశిక్ష పడ్డాక ఆమె అర్జీ మొదలుపెడితే తొలి సంతకం ఆయనే చేశాడు. కొట్టుకొచ్చిన వాళ్ళతో, "మా ఇంటామె కూలోడి కోసరం ఊరంతా తిరగతా ఉండాది, సూడండి!" అని నవ్వుతూ చెప్పుకున్నాడు. అది విని మురిసిపోయింది కూడా, వెర్రిబాగులది.

రాజలక్ష్మి సంతకం పెట్టిన రోజే కాటయ్య భార్య పొన్నమ్మను వెంటబెట్టుకుని లాయరు ధర్మలింగం దగ్గరికి వెళ్ళింది. "నా లెటరు నిలవదంటిరి. ఈ సంతకాలన్నా నిలుస్తాయా సార్?"

"ఏ లెటరమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. "మీ పెరట్లోనే ఉన్నానని కాటయ్య ఆ పొద్దే చెప్పినాడు. పొన్నమ్మను తోడుకోని మీ కొట్టుకే వచ్చి అడిగితిని. మా ఇంటికి ఎవురూ రాలేదు, మా ఆడోళ్ళు ఎవుర్నీ సూడలేదు అన్నారే మీ ఇంటాయన! మీరు వచ్చి చెప్పుంటే ఇట్లా దయ అడుక్కునే పనే లేదమ్మా."

కస్తూరి పొన్నమ్మ వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

"తెలుసునమ్మా," అంది పొన్నమ్మ తల దించుకుని. "మీకు గూడా తెలుసనే అనుకుంటిని. పెద్దింటోళ్ళు, కోర్టుకు రాలేరు, సంతకాల మటుకే కుదిరిందేమోలే అనుకుంటిని."

కస్తూరికి ఇప్పుడర్థమైంది. నాలుగు నెలలుగా పొన్నమ్మ తనకు దండం పెట్టింది ఏమనుకుని! మగవాళ్ళు లేని వేళ కూలివాడితో పెరట్లో ఏం పనని ఎవరైనా అడుగుతారేమోనని భర్త భయం. ఆ ఒక్క ప్రశ్న తన ఇంటి మీదికి రాకుండా ఒక మనిషి మెడను ఉరితాటికిచ్చాడు. ఏడ్చే పిల్లకు గిలక్కాయ ఇచ్చినట్టు తనకు సంతకాలిచ్చాడు. సంతకాలతో ఆయన పరువు పోదు, పైగా పెరుగుతుంది.

"ఇప్పుడన్నా ప్రమాణపత్రం ఇస్తే అర్జీతో పంపిస్తాం," అన్నాడు ధర్మలింగం. "ఒకమాట మీ ఇంట్లో అడిగి..."

"అడగబళ్ళేదు. రాసుకోండి."

లాయరు గుమాస్తా కాగితం తీశాడు. పేరు, వీధి, వయసు రాసుకుని, "భర్త పేరు?" అని పొన్నమ్మ వైపు చూశాడు. మొగుడి పేరు పెళ్ళాం నోట రాదు, పక్కనున్న వాళ్ళే అందించాలి. అది అతనికి రోజూ ఉన్న అలవాటే. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో కస్తూరి కూడా ఆ పేరు ఒక్కసారి పలికి ఎరగదు.

పొన్నమ్మ నోరు తెరవబోయింది. కస్తూరి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"కోదండరాం," అంది. "కోదండరాం అబద్ధం చెప్పినాడు. అది గూడా రాసుకోండి."